వెనక సీటు పాటలు

మా మావయ్యగారి కారులో ముందు సీటు ఎప్పుడూ ఖాళీగా ఉండేది కాదు. అందులో ఆయన తుండుగుడ్డ ఉండేది, పొలానికి పట్టుకెళ్ళే మంచినీళ్ళ సీసా ఉండేది, మా అత్తగారు కట్టిచ్చిన క్యారేజీ ఉండేది. నేను మాత్రం ఉండేదాన్ని కాదు. నేను వెనక సీట్లో, ఎడమ తలుపు పక్కన, హ్యాండ్‌బ్యాగు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. ఇందులో ఎవరి దాష్టీకమూ లేదు. మా ఇళ్ళల్లో కోడలు మావగారి పక్కన కూర్చోదు, అంతే. కూర్చోవద్దని ఎవరూ చెప్పలేదు, కూర్చుంటానని నేనూ అడగలేదు. పిల్లలకి లెక్కలు చెప్పుకునే మనిషిని. నేను క్లాసులో అరిస్తే పక్క వీధికి వినపడుతుందంటారు. ఇంటికొచ్చేసరికి ఆ గొంతు ఎక్కడికి పోతుందో నాకే తెలీదు.

మాది పెంటపాడు దగ్గర పల్లె. నా బడి గణపవరం దాటాక, కొల్లేరు అంచున, చేపల చెరువుల మధ్య ఉంటుంది. ఆ బడికి బదిలీ అయిన కొత్తల్లో పొద్దున్నే బస్సు అందక నానా అవస్థా పడ్డాను. మావయ్యగారు కొన్నాళ్ళు చూశారు. ఒక పొద్దున కారు వాకిట్లోకి తెచ్చి పెట్టి, మా అత్తగారితో అన్నారు: “మన పొలం కూడా ఆ దారిలోనే కదా. అమ్మాయికి ఇబ్బంది లేకపోతే రమ్మను.”

ఆ అమ్మాయినైన నేను ఆ గుమ్మంలోనే, చేతికందేంత దూరంలో నిలబడి ఉన్నాను. ఆయన నాతో అనవలసినవన్నీ అత్తగారి మీదుగానే వచ్చేవి. నేనూ తక్కువ తిన్నానా? “అలాగేనండి అని చెప్పండి అత్తయ్యగారూ” అన్నాను.

“మీ ఇద్దరి మధ్యా నేనొక పోస్టాఫీసునైపోయాను” అని ఆవిడ విసుక్కుంటూ లోపలికి వెళ్ళిపోయారు.

పొలం ఆ దారిలోనే అన్నది సగమే నిజం. మా పొలం గణపవరానికి ఇవతలే ఉంది. నన్ను బడి దగ్గర దింపి ఆయన మళ్ళీ అంత దూరం వెనక్కి రావాలి. ఆ సంగతి నాకు తెలుసని ఆయనకి తెలుసు. ఇద్దరం ఏనాడూ ఆ మాట ఎత్తలేదు.

అలా ఆరేళ్ళు తిరిగాం. అది డీజిల్ బండి, పాతది, నడుస్తుంటే రొద జాస్తి. పైగా ఎండైనా వానైనా ఆయన వైపు అద్దం దించే ఉండాలి. మొహానికి గాలి తగలకపోతే ఆయనకి బండి నడిపినట్టుండదు. అంతసేపు ఒకే కారులో ఇద్దరు మనుషులు మాటా పలుకూ లేకుండా ఎలా ఉంటారని మీకు అనుమానం రావచ్చు. అందుకే కదా స్టీరియో ఉంది.

కారుతో పాటు కంపెనీవాళ్ళు బిగించి ఇచ్చిన స్టీరియో అది. నల్ల డబ్బా, మధ్యలో గుండ్రటి మీట, పక్కన పెన్‌డ్రైవ్ గుచ్చుకునే చోటు. నేను నాకిష్టమైన పాత సినిమా పాటలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, పోస్టాఫీసు ద్వారా పంపించాను. ఆయన అందులో గుచ్చారు. మళ్ళీ తీసిన పాపాన పోలేదు.

పాట మొదలైందంటే ఇక మాకు మాటతో పనుండేది కాదు. ఆయన మధ్య మధ్యలో తలపైనున్న అద్దంలోంచి నా వైపు ఒకసారి చూసేవారు. నేను కిటికీలోంచి చేలకేసి చూస్తూ ఉండేదాన్ని. నాకు ప్రాణమైన పాట ఒకటుంది. ఏ పాటో చెప్పను, మీరందరూ పాడి దాన్ని పాడుచేస్తారు. అది వచ్చినప్పుడు నేను కళ్ళు మూసుకునేదాన్ని. మళ్ళీ తెరిచేసరికి సౌండు కాస్త పెరిగి ఉండేది, మావయ్యగారి చెయ్యి అప్పుడే మీట మీంచి స్టీరింగు మీదికి వెళ్తూ ఉండేది. ‘ఓహో, ఈయనకీ ఈ పాటే ఇష్టమన్నమాట’ అనుకుని లోలోపల మురిసిపోయేదాన్ని. మిగతా పాటలకి అంతగా పెంచేవారు కాదు మరి. పుట్టింటికి వెళ్ళినప్పుడు ఈ సంగతి గొప్పగా చెప్పుకునేదాన్ని. “మా మావయ్యగారివీ నావీ ఒకటే పాటలమ్మా” అంటే, మా అమ్మ “పోన్లే, మీ ఆయన కంటే నయం” అనేది. నిజమే. మా ఆయన చెవికెక్కే సంగీతం ఫోను మోగడం ఒక్కటే.

ఇంట్లో తక్కినవాళ్ళకి ఆ స్టీరియో గొడవే తెలీదు. అత్తగారు కారెక్కితే పాట పెట్టకూడదు, ఆవిడకి తల తిప్పుతుంది. మా ఆయనకి డ్రైవింగు రాదు. రోజూ దగ్గరి టౌను గూడెంలో రైలెక్కి ఏలూరులో ఆఫీసుకి వెళ్ళొస్తారు. కాబట్టి అది మోగేదల్లా పొద్దున పూట, మేమిద్దరం ఉన్నప్పుడే.

పోయిన వానాకాలంలో దానికి రోగం వచ్చింది. మొదట ఆ డబ్బా మీద కనపడే అక్షరాలు ఆరిపోయాయి. ఆరితే ఆరాయి, పాట చదువుకుంటామా ఏమిటి అనుకున్నాను. తర్వాత గొంతు మారింది. ముందు సన్నగా గరగర, అది ముదిరి చిటపటలు, ఇక దసరా సెలవులొచ్చేనాటికి నా పక్క తలుపులో ఎవరో రేకు డబ్బాలో గులకరాళ్ళు పోసి ఊపుతున్నట్టే. నా ప్రాణమైన పాట కూడా ఆ రాళ్ళల్లో పడి నలిగిపోయింది. నేను చెవి మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, జుట్టు సర్దుకుంటున్నట్టు నటించేదాన్ని.

ఇక్కడే ఉంది అసలు తమాషా. అద్దంలో నా మొహం వాడిపోయి ఉండటం చూసి మావయ్యగారు ఏం చేసేవారనుకున్నారు? సౌండు పెంచేవారు! రాళ్ళు రెట్టింపయ్యేవి. నేను అద్దంలోకి చూసి ఎలాగో ఒక నవ్వు నవ్వేదాన్ని. ఆయన తృప్తిగా తలూపి, దాన్ని అక్కడే ఉంచేసేవారు. నా బాధ పగవాళ్ళకి కూడా వద్దు బాబూ.

‘గరగరమంటోందండి’ అని ఒక్క ముక్క అంటే తీరిపోయేది. అనలేదు. ఎలా అంటాను? చుట్టాలింట్లో కూర ఉప్పు కషాయమైనా ‘అద్భుతంగా ఉందండి’ అని మారు వడ్డించుకు తినే మనుషులం మేము. మా వైపు మొహమాటం ముందు పుట్టి, తర్వాత మనిషి పుడతాడు. ఆయన నా కోసం పెట్టిన పాటని నేను బాగాలేదనడమా! బాగాలేదని ఆయనే గ్రహిస్తారు, ఆయనే బాగుచేయిస్తారు అని ఎదురుచూశాను. ఆయన గ్రహించలేదు. హాయిగా, చల్లగా బండి నడుపుకుంటున్నారు.

ఒకరోజు అన్నాలు తింటుండగా మా ఆయనతో అన్నాను: “కారులో స్టీరియో చెవులు చిల్లులు పడేలా గోల పెడుతోందండీ. మావయ్యగారు పట్టించుకోవట్లేదు సరికదా, ఇంకా పెంచుతున్నారు.”

నేనన్నది స్టీరియో గురించి. మా ఆయన చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది. “అంత గోల పెడుతుంటే పెంచుతున్నారా? అంటే నాన్నకి వినపడట్లేదన్నమాట!”

మా ఆయన మంచివారే, కాదనను. కానీ ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమనే రకం. “అబ్బే, అదేం కాదండీ” అన్నాను. ఆ అబ్బేలో నాకే బలం కనపడలేదు. ఎందుకంటే నాకు చేపల లారీ గుర్తొచ్చింది. అంతకు కొద్దిరోజుల ముందు, చెరువుల మధ్య రోడ్డు మీద, ఐసు పెట్టెలతో వెళ్తున్న లారీ ఒకటి మా వెనకాల పడి హారను మీద హారను కొట్టింది. మావయ్యగారు నిమ్మకి నీరెత్తినట్టు రోడ్డు మధ్యనే, అదే వేగంతో పోనిచ్చారు. నేను వెనక్కి తిరిగి తిరిగి చూశాను కానీ ఆయన అద్దం వంక కూడా చూడలేదు. ఆ ముక్క కూడా నోరు జారాను.

ఇంకేముంది. ఆ రోడ్డుకి అటూ ఇటూ నీళ్ళే. వెనక సీట్లో నేను, ముందు వినపడని తండ్రి. మా ఆయనకి ఆ రోజు నించి నిద్ర లేదు. ఆయన భయం అబద్ధం కాదు, అందుకే నేనూ గట్టిగా వాదించలేకపోయాను.

సరే, బండి మానిపించాలని తల్లీకొడుకులు అనుకున్నారు. కానీ పిల్లి మెడలో గంట కట్టేదెవరు? ‘నీకు చెవుడొచ్చింది నాన్నా’ అని అనగలిగే నోరు మా ఇంట్లో లేదు. ఆదివారం పొద్దున కాఫీల దగ్గర మొదలుపెట్టారు. “రోడ్లు బొత్తిగా బాగుండట్లేదు నాన్నా. లారీలు కూడా ఎక్కువైపోయాయి” అన్నారు మా ఆయన. “ఏవండీ, ఈ వయసులో మీకు మాత్రం విశ్రాంతి వద్దుటండీ?” అన్నారు అత్తగారు. చెవి అన్న మాట గానీ, స్టీరియో అన్న మాట గానీ ఎవరి నోటా రాలేదు.

మావయ్యగారు అందరినీ ఒక్కొక్కరినే చూశారు. చివరికి నన్ను కూడా చూశారు. నేను గ్లాసులు సర్దుకుంటున్నాను.

“అందరూ అనుకునే అంటున్నారా?” అన్నారు.

మా ఆయన పేపరు తిరగేశారు, అత్తగారు కొంగు సర్దుకున్నారు. ఆయన లేచి, చొక్కా జేబులోంచి కారు తాళం తీసి, ఫ్రిజ్ మీద పెట్టి, పెరట్లోకి వెళ్ళిపోయారు. ఆ తాళం ఆయన జేబులో తప్ప ఇంకో చోట ఉండగా నేను చూడటం అదే మొదటిసారి.

మర్నాటి నించి నేను మళ్ళీ బస్సులో పడ్డాను. ఆయన పక్కింటివాళ్ళ మోటారు సైకిలు వెనకాల కూర్చుని పొలం వెళ్ళడం మొదలుపెట్టారు. ఎన్నడూ ఎవరి బండీ అడిగి ఎక్కని మనిషి. అయినా పొద్దున్నే, మేము బయలుదేరే వేళకి సరిగ్గా, బకెట్టు నీళ్ళతో కారు దగ్గర ప్రత్యక్షమయ్యేవారు. కడిగి, తుడిచి, వెనక ఎడమ తలుపు తీసి నేను కూర్చునే సీటు దులిపేవారు. ఎవరికోసమని దులుపుతారు? ఎవరూ అడగలేదు. నేను బస్సుకని గేటు దాటుతుంటే వెనకనించి వినపడేది: “అమ్మాయికి బస్సు దొరికిందో లేదో కాసేపాగి ఫోన్ చేసి కనుక్కో.”

నాకు ఒళ్ళు మండిపోయేది. ఎవరి మీదా అంటే చెప్పలేను. మా ఆయన మీద, అత్తగారి మీద, నా మీద, ఆ దిక్కుమాలిన డబ్బా మీద. బస్సులో నిలబడి వెళ్తూ ఆ కళ్ళు మూసుకునే పాట పాడుకోబోతే ఏడుపొచ్చేది.

కారు ఊరికే పడుంటే పాడైపోతుందని మా ఆయన అమ్మకానికి పెట్టారు. ఉండి అనే ఊరి నించి ఒక చెరువుల ఆసామి చూడటానికి వచ్చారు. మావయ్యగారు అరుగు మీద కూర్చుని పేపరు అడ్డం పెట్టుకున్నారు. ఆ ఆసామి ముందు సీట్లో కూర్చుని, బండి స్టార్టు చేసి, స్టీరియో మీట తిప్పి, దిగి వచ్చారు.

“ఇంజను బంగారంలా ఉందండి. స్టీరియోనే పోయిందండి. ముందు అసలు రావట్లేదు, వెనకేమో ఒకటే గరగర. అదొక్కటీ మార్పించి ఇచ్చేయండి, పట్టుకుపోతాను” అన్నారు.

పేపరు కిందికి దిగింది. “గరగరమంటోందా?” అన్నారు మావయ్యగారు. తర్వాత నా వైపు తిరిగి, మధ్యలో పోస్టాఫీసు లేకుండా, నన్నే సూటిగా అడిగారు: “ఎప్పటినించీ అమ్మా?”

“ఈమధ్యేనండి” అని అబద్ధమాడాను.

“అయ్యో” అన్నారాయన. ఆ అయ్యోకి మా ఆయన నా వంక ఒక చూపు చూశారు, ‘చూశావా, ఇప్పటిదాకా వినపడనే లేదు’ అన్నట్టు. నేనూ తల దించుకున్నాను. ముందు రావట్లేదు, వెనక గరగర. ఆ వాకిట్లో లెక్కల టీచరుంది, ఆఫీసులో తప్పులు పట్టే ఉద్యోగమున్న మా ఆయన ఉన్నారు. ఒక్కరికీ బుర్ర వెలగలేదు.

రెండో శనివారం నాకు సెలవు, మా ఆయనకి ఆఫీసు ఉంది. ఆ రోజు కారు ఏలూరు తీసుకెళ్ళి స్టీరియో మార్పించాలి. సాయంత్రం మా ఆయన ఆఫీసు నించి వచ్చి, అక్కణ్ణించే మావయ్యగారిని చెవి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. మావయ్యగారికి మాత్రం ‘ఊరికే బీపీ చూపించుకుందాం’ అని చెప్పారు. తీరా చూస్తే ముహూర్తాల రోజులు, గూడెంలో డ్రైవర్లన్న వాళ్ళందరూ పెళ్ళిళ్ళకి పోయారు. గత్యంతరం లేక మా ఆయనే అన్నారు: “ఈ ఒక్కసారికీ మీరే తీసుకెళ్ళండి నాన్నా. నెమ్మదిగా.”

మావయ్యగారు ఫ్రిజ్ మీంచి తాళం తీసుకుని తుండుగుడ్డతో తుడిచారు. తాళం మీద దుమ్మేమీ లేదు. ఉతికిన పంచె, ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చారు. ఆ బండిని ఆయన నడపడం అదే ఆఖరని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నేను ఎప్పట్లాగే వెనక ఎడమ పక్కన కూర్చున్నాను.

గూడెం దాటి హైవే ఎక్కాం. స్టీరియో పెట్టలేదు. ఆరేళ్ళలో మేమిద్దరం ఉండగా ఆ కారులో మొదటిసారి ఇంజను రొద తప్ప ఇంకేమీ లేదు. భీమడోలు దగ్గర ఆయన అద్దంలోకి చూడకుండానే అన్నారు: “ఆ గరగర సంగతి నాకు చెప్పవలసిందమ్మా.”

“పర్వాలేదండి” అన్నాను. చూశారా నా తెలివి! మూడు నెలలు రాళ్ళ చప్పుడు విని, ఇంకా పర్వాలేదండి!

ఏలూరులో పవర్‌పేట వైపు ఒక సందులో ఉంది ఆ స్టీరియోల కొట్టు. కొట్టాయన నా ఈడువాడే ఉంటాడు, కళ్ళజోడు నుదుటి మీదికి ఎత్తి పెట్టుకుని పనిచేస్తున్నాడు. మావయ్యగారు కొట్టు ముందు స్టూలు మీద కూర్చుని రోడ్డు చూస్తున్నారు. నేను కారు పక్కన నిలబడ్డాను. గోడనిండా మెరిసిపోయే టచ్ స్క్రీన్‌లు ఉన్నాయి. వాటిల్లో ఏదో ఒకటి బిగిస్తే బండి మాది కాకుండా పోతుందని, వాటిని చూస్తేనే నాకు గిట్టలేదు.

కొట్టాయన ముందు నా పక్క తలుపు లోపలి అట్ట ఊడదీశాడు. స్పీకరు కాగితం చీలికలు పేలికలైపోయింది. “వాన నీళ్ళు దిగాయండి. దానికి తోడు అరిగిపోయింది పాపం” అన్నాడు. తర్వాత ముందు తలుపులు రెండూ విప్పి, చాలాసేపు చూసి, కళ్ళజోడు కిందికి దించుకుని మళ్ళీ చూశాడు.

“ముందువి ఎప్పుడు మార్చారండి?”

“మార్చలేదండి. కారుతో వచ్చినవే.”

“ఇవి కొత్తవాటిల్లా ఉన్నాయండి. వాడనే లేదు.” డబ్బా మీద ఆరిపోయిన అక్షరాల దగ్గర ఫోను లైటు పెట్టి, మీట నొక్కి నొక్కి చూసి, అప్పుడు నవ్వాడు. “ఇదీ సంగతి. సౌండంతా వెనక్కి, అందులోనూ ఎడమ పక్కకి తిప్పేసి పెట్టారండి. నాలుగు స్పీకర్ల బరువూ ఆ ఒక్కటే మోసింది. బండి నడిపేవాళ్ళకి ఏం వినపడుతుందండి? డీజిలు బండాయె!”

వెనక ఎడమ పక్క. నేను కూర్చునే చోటు.

వెళ్ళి స్టూలు ముందు నిలబడ్డాను. “మావయ్యగారండీ, సౌండు వెనక్కి పెట్టింది మీరేనాండీ?”

ఆయన చిన్నపిల్లాడిలా ఇబ్బంది పడిపోయారు. “నేనేనమ్మా. నువ్వు బండెక్కిన కొత్తల్లో. ఇంజను రొదలో వెనక్కి సరిగ్గా అందక నువ్వు ముందుకి వంగి వంగి వినేదానివి. నడుం నొప్పెడుతుందేమోనని, సర్వీసుకిచ్చినప్పుడు అక్కడి వాళ్ళనడిగి నీ పక్కకి పెట్టించాను.”

“మరి మీకో?”

“నాకెందుకమ్మా? నేను రోడ్డు చూసుకోవాలి కదా. ఏదో మోగుతోందని తెలిసేది. చాల్లే అనుకున్నాను.”

ఆరేళ్ళు! ఆ పాట కొసరి కొసరి నాకొక్కదానికే వడ్డించి, ఆయన ఇంజను రొద వింటూ కూర్చున్నారు. ఆ మనిషికి మేము చెవుడని పేరు పెట్టాం, చేతిలో తాళం లాక్కున్నాం. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి తన్నుకొచ్చాయి. ముందు కోపం గెలిచింది. మా ఆయనకి ఫోన్ చేసి, ఉన్నపళాన రమ్మన్నాను. ఏమైందో ఏమిటో అని పరుగెత్తుకుంటూ వచ్చారు. అప్పుడు నా క్లాసు గొంతు బయటికొచ్చింది.

“మీ నాన్నగారికి చెవుడు లేదండీ! సౌండంతా నా పక్కకి పెట్టి, ఆయన వినడమే లేదు! స్టీరియో గోల ఆయనకి వినపడలేదని మనం బండి మానిపించాం. చెవి డాక్టరుకి చూపిస్తూ బీపీ అని చెప్తున్నాం. బండి అమ్మేస్తున్నాం. ఇంతమందిమి ఉన్నాం, ఒక్కరైనా ఆయన్ని అడిగామా?”

సందంతా విన్నది. కొట్టాయన స్క్రూ డ్రైవరు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

“నాకు చెవుడా?” అన్నారు మావయ్యగారు. ఆ మాట ఆయన వినడం అదే మొదలు. కొడుకు వంక చూశారు, నా వంక చూశారు. “అందుకా తాళం తీసేసుకున్నారు? నేనింకా నా డ్రైవింగంటే అమ్మాయికి భయమేస్తోందేమో, చెప్పలేక చెప్పించిందేమో అనుకున్నాను.”

ఇది నేను ఊహించలేదు. ఇన్నాళ్ళూ ఆ సీటు దులిపిన చేతికి మనసులో ఉన్నది ఇదా! “అయ్యో రామ, లేదండీ” అన్నాను.

మా ఆయన నీళ్ళు నమిలారు. “మరి ఆ ఐసు లారీ, నాన్నా? అంతసేపు హారను కొడితే మీరు దారి ఇవ్వలేదట.”

“వినపడకేంరా! చచ్చినాడు లేచేలా కొట్టాడు. అక్కడ పక్కకి తీస్తే చెరువులోకి పోతాం. వెనకాల పిల్ల కూర్చుని ఉంది. కొట్టుకుంటే కొట్టుకోనీ, వాడి హారనే కదా అరిగేది అనుకున్నాను.” అని, ఇక ఆపుకోలేక నవ్వేశారు. “చెవుడని ఒక్క ముక్క అంటే అప్పుడే చెప్పేవాణ్ణి కదరా.”

“ఎలా అంటాం నాన్నా...”

“మరి దేవుడు నోరెందుకిచ్చాడ్రా?” నా వైపు తిరిగారు. “నువ్వూ అంతే. గరగర అని చెప్పలేదు.”

“మీరు మాత్రం చెప్పారా అండీ, నా పక్కకి పెట్టానని?” అనేశాను. మావగారికి ఎదురు చెప్పడం నా కాపురంలో అదే మొదలు. ఆయన ఇంకా గట్టిగా నవ్వారు.

కొట్టాయన గొంతు సవరించుకున్నాడు. “సెట్టు మొత్తం మార్చేయమంటారాండి మరి?”

మా ఆయన నోరు తెరిచేలోగా నేనే చెప్పాను. “ఆ ఒక్క స్పీకరే మార్చండి. అక్షరాలు వెలిగేలా చూడండి. సౌండు మాత్రం మధ్యకి పెట్టండి, నాలుగు పక్కలా రావాలి. బండి అమ్మట్లేదు.”

డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళాం. మావయ్యగారే పదమన్నారు. కుడి చెవి రవ్వంత మందగించిందిట, ఆ వయసుకి మామూలేనట, బండి నడపడానికి అడ్డేమీ లేదన్నారు. అత్తగారు ఫోన్ చేసి “బీపీ ఎంతుందిట?” అంటే, మావయ్యగారే ఫోను లాక్కుని “నీ గొంతు స్పష్టంగా వినపడుతోందిట” అన్నారు. తిరుగు దారిలో మా ఆయన తండ్రి పక్కన కూర్చుని, గూడెం వచ్చేదాకా కుక్కిన పేనులా ఉన్నారు. నాకు వెనక సీట్లో ఒకటే ఆలోచన. ఆయనకి పాట అందనే లేదు కదా, మరి సరిగ్గా ఆ ఒక్క పాటకే చెయ్యి మీట మీదికి ఎలా వెళ్ళేది? అడుగుదామనుకున్నాను. అడగలేదు. పుట్టుకతో వచ్చిన మొహమాటం ఒక్క సాయంత్రంలో పోతుందా?

సోమవారం పొద్దున కారు వాకిట్లోకి వచ్చింది. కథల్లో అయితే నేను ఆ రోజు ముందు సీట్లో కూర్చోవాలి. కూర్చోలేదు. అక్కడ తుండుగుడ్డా, సీసా, క్యారేజీ ఎప్పట్లాగే వాటి చోట అవి ఉన్నాయి. నేనూ నా చోట కూర్చున్నాను. ఆయన మీట తిప్పారు. పాట నాలుగు పక్కలనించీ, గరగర లేకుండా, తేటగా వచ్చింది. ఆయన ఉలిక్కిపడి డాష్‌బోర్డు వైపు చూసి, సర్దుకుని కూర్చున్నారు.

గణపవరం దాటి చెరువుల రోడ్డు ఎక్కాక నా పాట వచ్చింది. ఈసారి నేను కళ్ళు మూసుకోలేదు, ఆయన్నే చూస్తున్నాను. ఆయన అలవాటు కొద్దీ అద్దంలోకి చూశారు. చెయ్యి మీట దాకా వెళ్ళి మధ్యలో ఆగింది. తర్వాత ఆ చెయ్యి తలుపు దగ్గరికి వెళ్ళింది. ఎండకీ వానకీ ఎన్నడూ ఎత్తని అద్దం మెల్లగా పైకి లేచి మూసుకుంది. బయటి గాలి ఆగిపోయింది. బండి నెమ్మదించింది. వెనకాల ఏదో బస్సు హారను కొట్టింది, ఆయన పట్టించుకోలేదు. పాట అయిపోయేదాకా మెడ కొంచెం పక్కకి వంచి అలాగే విన్నారు.

అయిపోయాక, గొంతు సవరించుకుని, అద్దంలో నన్ను చూస్తూ అడిగారు.

“ఇదేనా అమ్మా, నువ్వు రోజూ కళ్ళు మూసుకునే పాట?”